నల్లపిల్లి ఎదురొచ్చింది... బుల్‌డాగ్‌కు మూడింది!

పిల్లి ఎదురొస్తే మీరేం చేస్తారు? "నాకు అలాంటి పట్టింపులు లేవండీ" అని మాత్రం అనకండి. మా ఇబ్రహీంపట్నం రింగు సెంటర్లో ఓ అరగంట నిలబడితే ఎవరికెన్ని పట్టింపులున్నాయో ఇట్టే తెలిసిపోతుంది. హైదరాబాదు లారీలు, మైలవరం బస్సులు, కొండపల్లి ఆటోలు... అంత హడావిడిలోనూ పక్క సందులోంచి ఒక పిల్లి రోడ్డు దాటిందంటే చాలు, మోటారు సైకిల్ మీద దూసుకొస్తున్న కుర్రాడు ఠక్కున బ్రేకు వేస్తాడు. ఒక కాలు నేలకు ఆనించి, సెల్‌ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తాడు. వెనకనుంచి ఇంకెవడో ఒకడు తనను దాటి ముందుకు పోయేదాకా కదలడు. ఆ శకునమేదో ముందు పోయినవాడికి అంటుకుంటుందని లెక్క!

సినిమావాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. మొదటి షాట్‌కు కొబ్బరికాయ, చివరి షాట్‌కు గుమ్మడికాయ, మధ్యలో రాహుకాలాలూ, వర్జ్యాలూ. కోట్లు గుమ్మరించి తీసే బొమ్మకు ఒక పిల్లి అడ్డొస్తే గుండె గుభేలుమనని నిర్మాత ఉంటాడా?

ఈ ఒక్క నమ్మకాన్ని పట్టుకుని, అమెరికాలో ఒకాయన ఏడు నిమిషాల సినిమా తీశాడు. కార్టూన్ సినిమా. పేరు 'బ్యాడ్ లక్ బ్లాకీ'. ఎం.జి.ఎం. వాళ్ళు 1949 జనవరిలో విడుదల చేశారు. దర్శకుడు టెక్స్ ఏవరీ. కుక్కకూ పిల్లికీ ఉన్న పాతపగ మీద లెక్కలేనన్ని బొమ్మలు వచ్చాయి గానీ, ఇలా లెక్కకట్టి పగ తీర్చుకున్న బొమ్మ ఇంకొకటి లేదు. ఇది నా ఒక్కడి మాట కాదు. 1994లో వెయ్యిమంది యానిమేషన్ నిపుణులను అడిగి ప్రపంచంలో యాభై గొప్ప కార్టూన్లు ఏరి ఒక పుస్తకంగా వేస్తే, అందులో దీనికి 15వ స్థానం దక్కింది.

ఈల వేస్తే చాలు

కథ చిన్నదే. తెల్లటి పిల్లికూన ఒకటి. దాన్ని ఏడిపించడమే పనిగా పెట్టుకున్న బుల్‌డాగ్ ఒకటి. పాలగిన్నెలో ఎలుకల బోను దాచి పెడుతుంది. పాపం కూన పాలు తాగబోతే నాలుక బోనులో ఇరుక్కుంటుంది. అది చూసి బుల్‌డాగ్ నవ్వుతుంది చూడండీ... ఆ నవ్వు మన రాజనాల నవ్వులా బిగ్గరగా ఉండదు. పళ్ళ సందుల్లోంచి గాలి పోయినట్టు ఖిస్... ఖిస్... ఖిస్! భుజాలు అదురుతూంటాయి. ఈ నవ్వు గుర్తుపెట్టుకోండి, దీంతో మళ్ళీ పని పడుతుంది.

ఏడుస్తూ వీధిలోకి పరుగెత్తిన కూనకు ఒక నల్లపిల్లి తారసపడుతుంది. నెత్తిన గుండ్రటి టోపీ, మాటలో పేటరౌడీ దర్జా. అతగాడే బ్లాకీ. జేబులోంచి ఒక కార్డు తీసి ఇస్తాడు. వాడి వృత్తి ఏమిటనుకున్నారు? ఎదురు రావడం! కిరాయికి అపశకునం! ఎవరికి చెడు జరగాలో చూపిస్తే చాలు, వాళ్ళ దారికి అడ్డంగా నడిచి వెళతాడు, తక్కిన పని ఆకాశం చూసుకుంటుంది. కూన చేతిలో ఒక ఈల పెట్టి, "ఆపదొస్తే ఊదు" అంటాడు.

బుల్‌డాగ్ మళ్ళీ వచ్చింది. కూన ఈల ఊదింది. ఎక్కడినుంచో బ్లాకీ ప్రత్యక్షమై, మునివేళ్ళ మీద నాట్యం చేస్తున్నట్టు బుల్‌డాగ్ ముందునుంచి వయ్యారంగా దాటిపోయాడు. పైనుంచి పూలకుండీ వచ్చి బుల్‌డాగ్ మాడు మీద ధడేల్!

ఇక అక్కడినుంచి అదే వరస. బుల్‌డాగ్ ఒక ఎత్తు వేస్తుంది, కూన ఈల వేస్తుంది, బ్లాకీ అడ్డం వస్తాడు, పైనుంచి ఏదో ఒకటి పడుతుంది. విరుగుడు కోసం బుల్‌డాగ్ గుర్రపు నాడాను నమ్ముకుంటుంది. మన వాళ్ళు గడపకు కొట్టుకుంటారే, అదే నాడా. అక్కడా అది అదృష్టానికే గుర్తు. అయితే ఏం లాభం? బ్లాకీ దాటగానే నాడాలు వరసగా రాలుతాయి. వాటి వెనకే గుర్రం కూడా పడుతుంది!

చివరికి బుల్‌డాగ్‌కు బుర్ర వెలిగింది. నలుపువల్లే కదా ఈ చేటంతా! ఒక రంగు డబ్బా తెచ్చి బ్లాకీకి తెల్లరంగు పూసేసింది. అంతే, మంత్రం చెల్లలేదు. బ్లాకీ అటూ ఇటూ ఎంత నడిచినా పైనుంచి పూచికపుల్ల కూడా రాలలేదు. బుల్‌డాగ్ దొరికిందే సందని వాణ్ణి చితకబాదింది.

అన్నట్టు, ఇదే కథ మన ఊళ్ళో జరిగి ఉంటే బుల్‌డాగ్ పథకం పారేది కాదు సుమా! వాళ్ళకు చెడు శకునం నల్లపిల్లి ఒక్కటే. మనకు నలుపూ తెలుపూ భేదం లేదు. ఏ రంగు పిల్లి ఎదురైనా బండి ఆగాల్సిందే. డబ్బా రంగు దండగయ్యేది.

తన్నులు తింటున్న బ్లాకీని చూసి కూనకు ఎక్కడలేని తెగువ వచ్చింది. తానే నల్లరంగు పూసుకుని, గజగజ వణుకుతూనే బుల్‌డాగ్ ముందునుంచి దాటింది. పైనుంచి కమ్మరి దాయి వచ్చి బుల్‌డాగ్ నెత్తిన పడింది. ఆ దెబ్బకు బుల్‌డాగ్ దగ్గరున్న ఈల గుటుక్కున గొంతులోకి జారిపోయింది. ఇంకేముంది, ఎక్కిళ్ళు మొదలు! ఎక్కిన ప్రతిసారీ కడుపులో ఈల మోగుతుంది, మోగిన ప్రతిసారీ ఆకాశం ఒకటి విసురుతుంది. వంటింటి సింకు, స్నానాల తొట్టి, పియానో, రోడ్డు రోలరు, బస్సు, విమానం... ఆఖరికి ఒక ఓడ! బుల్‌డాగ్ ఎక్కుతూ ఎక్కుతూ, పడే వస్తువుల మధ్యనుంచి కనుచూపు దాటేదాకా పరుగో పరుగు.

నవ్వు ఎక్కడుంది?

పైనుంచి ఓడ ఎలా పడుతుందండీ అని అడిగేవాడు అసలు సినిమాకే రాకూడదు. మన హీరో తంతే జీపు గాల్లో మూడు పల్టీలు కొట్టినప్పుడు అడిగామా? కానీ గమనించండి: 'బ్యాడ్ లక్ బ్లాకీ'లో ఓడ పడటం తర్కం లేని విషయమే అయినా, అది పడే పద్ధతిలో మాత్రం వెంట్రుకవాసి తేడా ఉండదు. ఈల, అడ్డం రావడం, పడటం. ఈ మూడూ ఈ వరసలోనే రావాలి. వస్తువు ఎప్పుడూ సరిగ్గా బుల్‌డాగ్ నెత్తినే పడాలి, ఒక్క అంగుళం పక్కకు కూడా పోకూడదు. నియమాన్ని ఇంత గట్టిగా పాటించాడు గనకనే, రెండు నిమిషాలు తిరిగేసరికి ప్రేక్షకుడికి అది అలవాటైపోతుంది. ఈల వినపడగానే మన కళ్ళు వాటంతట అవే తెర పైఅంచుకు వెళతాయి. ఏం పడుతుందో తెలియదు, పడుతుందని మాత్రం తెలుసు. ఆ తెలిసీ తెలియని అరసెకను ఉంది చూశారూ, అక్కడుంది నవ్వంతా!

మళ్ళీ ఒకే పద్ధతి అయితే విసుగొస్తుంది కదా? అందుకే ప్రతిసారీ ఒక మెలిక. ఒకసారి బ్లాకీ తలుపు చాటునుంచి వస్తాడు, ఇంకోసారి ఎవరూ ఊహించని మూలనుంచి. పడే వస్తువులూ మారుతూ పెరుగుతూ పోతాయి. రంగు పూసిన ఘట్టం కూడా అంతే. నియమం మనకు వంటబట్టాకే దాన్ని చెడగొట్టాడు. ముందే చెడగొట్టి ఉంటే ఎవరికీ ఏమీ అనిపించేది కాదు. మన హాస్య దర్శకులు కొందరు ఇక్కడే తప్పటడుగు వేస్తారు. పాత్ర ఎవరో మనకు తెలియకముందే దాన్ని అరటితొక్క మీద జారుస్తారు. జారినవాడు మనకేమవుతాడని నవ్వుతాం?

మనవాళ్ళకు ఈ విద్య తెలియదని కాదు. 1957 నాటి 'మాయాబజార్' గుర్తుతెచ్చుకోండి. గిల్పం మీద, గింబళి మీద శర్మ, శాస్త్రుల జంట - వంగర, అల్లు రామలింగయ్య - పడిన పాట్లు! వస్తువులకు ప్రాణం వచ్చి మనుషులను ఆడించడం, అదీ ఒక క్రమంలో, ఒకదాన్ని మించి ఒకటి. కె.వి.రెడ్డి గారూ, మార్కస్ బార్‌ట్లే గారూ కెమెరాతో చేసింది సాక్షాత్తూ కార్టూనే. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరొచ్చి పడటం మాత్రం ఏమిటి? ఏవరీ బొమ్మలో పైనుంచి నెత్తిన పడేవి ఇక్కడ పళ్ళెంలోంచి నోట్లో పడ్డాయి. అంతే తేడా.

అయితే మాయాబజార్‌లో కనీసం ఎస్.వి.రంగారావు ఉన్నాడు. ఆయన నోరు తెరిస్తే సగం పని అయిపోయినట్టే. కార్టూన్ సినిమాలో నటుడు కూడా కాగితం మీదనుంచే పుట్టాలి. లెక్క చూడండి. సెకనుకు 24 ఫ్రేములు. ఏడు నిమిషాలంటే 420 సెకన్లు, అంటే పదివేల పైచిలుకు ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడుకున్నా ఒక పాత్రకే ఐదువేల బొమ్మలు చేతితో గీయాలి. అవన్నీ పారదర్శకమైన సెల్యులాయిడ్ పలకల మీదికి ఎత్తి, రంగులు వేసి, ఒక్కొక్కటీ కెమెరా కింద పెట్టి ఫోటో తీయాలి. బుల్‌డాగ్ ఒకసారి ఖిస్సుమని నవ్వడానికి ఎన్ని చేతులు పడ్డాయో!

ఆ గీసేవాళ్ళ పద్ధతి తెలుసుకున్నప్పుడు నాకు మా పక్కనున్న కొండపల్లి గుర్తుకొచ్చింది. అక్కడి బొమ్మల కాలనీకి ఎప్పుడైనా వెళ్ళారా? తెల్ల పొణికి కర్ర చెక్కి, విడి ముక్కలను చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, రంగులేసి బొమ్మ నిలబెడతారు. తాటిచెట్టు ఎక్కే గీతకార్మికుణ్ణి చూడండి. బొమ్మ కదలదు. అయినా వాడి వంగిన నడుము చూస్తే, ఇందాక ఎక్కడున్నాడో, ఇప్పుడు ఎటు పోతున్నాడో తెలుస్తుంది. కార్టూన్ గీసేవాళ్ళు మొట్టమొదట గీసేది సరిగ్గా అలాంటి భంగిమనే. బుల్‌డాగ్ ఎత్తు వేసే భంగిమ ఒకటి, దెబ్బతిన్న భంగిమ ఒకటి. ఆ రెండూ కుదిరితే మధ్యలోవి సహాయకులు నింపుతారు. అవి కుదరకపోతే ఐదువేలు గీసినా కుక్క బతకదు. 'బ్యాడ్ లక్ బ్లాకీ'కి పనిచేసినవాళ్ళలో ప్రెస్టన్ బ్లెయిర్ ఒకడు. తర్వాత్తర్వాత యానిమేషన్ నేర్చుకునే పిల్లలందరికీ పెద్దబాలశిక్ష లాంటి పుస్తకం రాసింది ఆయనే.

ఆ నవ్వు ఎవరిది?

ఇంతకీ ఈ టెక్స్ ఏవరీ ఎవరు? 1908లో టెక్సాస్ రాష్ట్రంలో పుట్టాడు. అసలు పేరు ఫ్రెడరిక్ ఏవరీ, ఊరి రాష్ట్రం పేరే ముద్దుపేరైంది. కుర్రతనంలో ఒక కార్టూన్ స్టూడియోలో పనిచేస్తూండగా, తోటి కుర్రాళ్ళు సరదాగా కాగితాల క్లిప్పులు విసురుకునే ఆటలో ఒకటి వచ్చి కంటికి తగిలింది. ఆ కంటి చూపు పోయింది. ప్రపంచాన్ని నవ్వించే దెబ్బలన్నీ గీసినవాడికి మొదటి దెబ్బ అలా తగిలిందన్నమాట. అది మాత్రం నవ్వులాట కాదు.

తర్వాత వార్నర్ బ్రదర్స్‌లో చేరి 1940లో 'ఎ వైల్డ్ హేర్' తీశాడు. బగ్స్ బన్నీ అనే కుందేలు మనకు తెలిసిన రూపంలో, మనకు తెలిసిన పొగరుతో తెరకెక్కింది అందులోనే. "వాట్సప్ డాక్?" అన్న ఊతపదం ఆయన చదువుకునే రోజుల్లో టెక్సాస్ కుర్రాళ్ళ నోట నలిగినదే. 1941లో ఎం.జి.ఎం.కు మారాడు. డ్రూపీ అనే నీరసపు మొహం కుక్కను సృష్టించాడు. 1947లో 'కింగ్ సైజ్ కెనరీ' అని ఇంకో బొమ్మ తీశాడు. మొక్కలకు పోసే మందు తాగి పిల్లి, కుక్క, ఎలుక, పక్షి ఒకదాన్ని మించి ఒకటి పెరిగిపోతాయి. అదీ చూడదగ్గదే.

'బ్యాడ్ లక్ బ్లాకీ'లో ఇందాక గుర్తుపెట్టుకోమన్న నవ్వు ఉంది చూశారూ, ఆ ఖిస్ ఖిస్ కూడా ఏవరీ గొంతే. దర్శకుడే విలన్ నవ్వు నవ్వాడు.

ఇక్కడ ఒక విచిత్రం. అదే ఎం.జి.ఎం. కార్టూన్ స్టూడియోలో ఇంకో యూనిట్ ఉండేది. విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా అనే ఇద్దరు 1940 నుంచీ టామ్ అండ్ జెర్రీని తీస్తున్నది అక్కడే. ఒకే నిర్మాత ఫ్రెడ్ క్వింబీ, ఒకే సంగీత దర్శకుడు స్కాట్ బ్రాడ్లీ. టామ్ అండ్ జెర్రీకి ఏడు ఆస్కార్లు వచ్చాయి. ఏవరీ ఎం.జి.ఎం.లో తీసిన బొమ్మల్లో ఒక్కదానికీ రాలేదు. 'బ్యాడ్ లక్ బ్లాకీ'కి నామినేషను కూడా దక్కలేదు. ఆ ఏడు ఆస్కార్లయినా గీసినవాళ్ళ చేతికి వెళ్ళాయనుకోకండి. వేదికెక్కి పుచ్చుకున్నది నిర్మాత క్వింబీ గారే!

టామ్ అండ్ జెర్రీలోనూ కుక్కాపిల్లీ తగాదా లేకపోలేదు. స్పైక్ అనే బుల్‌డాగ్ 1942లో అడుగుపెట్టింది. 1945లో వచ్చి ఆస్కార్ గెలిచిన 'క్వయట్ ప్లీజ్' మీలో చాలామంది చూసే ఉంటారు. నిద్ర చెడగొడితే చర్మం ఒలుస్తానని స్పైక్ టామ్‌కు వార్నింగ్ ఇస్తుంది. అది చెవినబడ్డ జెర్రీ ఊరుకుంటుందా? చప్పుళ్ళు చేయడం మొదలుపెడుతుంది. కరెంటు బల్బులన్నీ విసిరితే టామ్ ఒక్కటి కూడా పగలనీయకుండా పట్టుకుంటాడు. వాటితో రెండు చేతులూ నిండి ఉండగా జెర్రీ వాడి తోక తీసుకెళ్ళి కరెంటు ప్లగ్గులో పెడుతుంది. బల్బులన్నీ భగ్గున వెలుగుతాయి! పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్న మన సామెతను తిరగేసి చదువుకోవాలి. మొదటి రోజు మొదటి ఆట ఈలల మధ్య సినిమా చూసే బెజవాడ ప్రేక్షకుడికి, చప్పుడు చేయకుండా ఉండటంలో ఎంత బాధ ఉందో ఈ బొమ్మ చూస్తే తెలుస్తుంది.

చక్కటి బొమ్మే. అయినా ఏవరీ పద్ధతికీ దీనికీ తేడా ఉంది. హన్నా-బార్బెరా బొమ్మల్లో దెబ్బలు ఇంట్లో ఉన్న సామాన్లతోనే తగులుతాయి. ఏవరీ బొమ్మలో ఇల్లూ వాకిలీ ఎగిరిపోయి, ఆకాశమే ఒక పాత్ర అయిపోతుంది. నన్నడిగితే ఆస్కార్ వాళ్ళు ఇంట్లోనే ఉండిపోయారు.

మూసేసిన తలుపులు

అంత పేరొచ్చిన స్టూడియో ఏమైంది? మూతపడింది! ఆ రోజుల్లో కార్టూన్ అంటే విడిగా టిక్కెట్టు కొని చూసేది కాదు. హాల్లో అసలు బొమ్మకు ముందు వేసే చిన్న రీలు. మన దగ్గరా ఇంగ్లీషు సినిమాలు ఆడే హాళ్ళలో న్యూస్‌రీలు తర్వాత ఒక కార్టూన్ పడితే, ఆలస్యంగా వచ్చినవాళ్ళు చీకట్లో తడుముకుంటూ "అయ్యో, కార్టూన్ పోయిందే" అని బాధపడేవాళ్ళు. హాలువాళ్ళు దానికిచ్చే అద్దె మాత్రం అంతంత మాత్రం. ఏడు నిమిషాల టామ్ అండ్ జెర్రీకి నలభై వేల డాలర్ల పైచిలుకు ఖర్చు. పాత కార్టూన్లనే మళ్ళీ తిప్పినా దాదాపు అంతే రాబడి వస్తోందని 1957లో కంపెనీ లెక్కలవాళ్ళు కనిపెట్టారు. ఇంకేం, కొత్తవి దేనికి? స్టూడియో మూసేశారు. మన వాళ్ళు మాయాబజార్ చూస్తూ ఊగిపోతున్న సంవత్సరంలోనే!

ఉద్యోగాలు పోయిన హన్నా, బార్బెరా సొంత కంపెనీ పెట్టుకున్నారు. హాళ్ళు కాదు, టెలివిజన్. టీవీవాళ్ళు ఐదు నిమిషాల ముక్కకు ఇచ్చేది మూడు వేల డాలర్ల లోపే. ఆ డబ్బుతో పరుగులూ పల్టీలూ ఎక్కడ కుదురుతాయి? పాత్రలను నిలబెట్టి మాట్లాడించారు. ఒళ్ళు కదలదు, నోరు మాత్రం కదులుతుంది. పదిహేడేళ్ళపాటు కుక్కనూ పిల్లినీ కొట్లాడించినవాళ్ళు తీసిన ఆ మొదటి సీరియల్‌లో నాయకులెవరో ఊహించగలరా? ఒక పిల్లి, ఒక కుక్క. ఈసారి ప్రాణస్నేహితులు! పిల్లి పేరు రఫ్. కుక్క పేరు... చెబితే మా కృష్ణా జిల్లా మిత్రులు కొందరు కోప్పడతారేమో... రెడ్డీ! 'రఫ్ అండ్ రెడ్డీ షో' 1957 డిసెంబరులో మొదలైంది. పగ చూపించడానికి వేలకొద్దీ బొమ్మలు కావాలి. స్నేహం చూపించడానికి పక్కపక్కన నిలబెడితే సరి.

స్నేహం అంత చవకేం కాదని నిరూపించినవాడు కూడా ఒకడున్నాడు. వార్నర్ బ్రదర్స్‌లో చక్ జోన్స్ 1952లో 'ఫీడ్ ది కిట్టీ' తీశాడు. మార్క్ ఆంటొనీ అనే భీకరమైన బుల్‌డాగ్ వీపు మీదికి ఒక పిల్లికూన ఎక్కి, కాళ్ళతో పరుపు తొక్కినట్టు తొక్కి ముడుచుకు పడుకుంటుంది. కుక్క మనసు కరిగిపోతుంది. ఇంటావిడకు తెలియకుండా దాచిపెడుతూంటే, ఆ కూన పిండిలో పడి, బిస్కట్లతోపాటు పొయ్యిలోకి వెళ్ళిపోయిందనుకుంటుంది కుక్క. కిటికీ బయట నిలబడి అది ఏడ్చే ఏడుపు చూసి కళ్ళు చెమర్చనివాళ్ళు ఉండరు. 2001లో వచ్చిన 'మాన్‌స్టర్స్ ఇన్‌కార్పొరేటెడ్'లో పసిపాప చెత్త యంత్రంలో పడిందనుకుని సల్లీ కుప్పకూలే ఘట్టం దానికి దండం పెట్టి తీసుకున్నదే.

ఏవరీ మాత్రం ఎం.జి.ఎం. మూతపడేదాకా కూడా ఉండలేదు. పని ఒత్తిడికి 1950లో కొంతకాలం సెలవు పెట్టాడు. తిరిగొచ్చాడు. 1953లో ఆయన యూనిట్ తీసేశారు. ఆ తర్వాత ఎక్కువగా వ్యాపార ప్రకటనలే. పురుగులమందు డబ్బాకు భయపడి కెవ్వుమని పారిపోయే బొద్దింకలను గీశాడు. ఓడను ఆకాశంనుంచి పడేసిన మనిషి! ఆఖరి రోజుల్లో చేరింది ఎక్కడో తెలుసా? ఒకప్పుడు పక్క యూనిట్‌లో ఉన్న హన్నా-బార్బెరాల కంపెనీలోనే. టీవీ సీరియల్‌కు హాస్య సన్నివేశాలు రాసిపెడుతూ, 1980 ఆగస్టులో కన్నుమూశాడు.

మన దగ్గర పరిస్థితి ఏమిటంటారా? చేయి తిరిగినవాళ్ళకు కొదవలేదు. ఛోటా భీమ్ పుట్టింది హైదరాబాదులోనే. రాజీవ్ చిలక గారి గ్రీన్ గోల్డ్ సంస్థ 2008లో దాన్ని టీవీకి తెచ్చింది. విదేశీ సీరియళ్ళకు బొమ్మలు చేసిపెట్టిన స్టూడియోలు హైదరాబాదులో ఎన్నో. 2012లో రాజమౌళి 'ఈగ' తీసి ఒక కీటకం చేత హీరో వేషం వేయించాడు. మాటల్లేని ఆ ఈగ ఎత్తులకు సుదీప్ పడే అవస్థలు చూస్తూంటే, హాల్లో చాలామందికి తెలియకుండానే ఏవరీ గుర్తుకొచ్చి ఉంటాడు. కానీ ఏడు నిమిషాల తెలుగు కార్టూన్‌కు డబ్బెవరు పెడతారు? ఇప్పుడు హాళ్ళలో అసలు బొమ్మకు ముందు పడేవి నగల దుకాణాల ప్రకటనలు. 1957లో లెక్కలవాళ్ళు వేసిన లెక్కే ఇక్కడా నడుస్తోంది. కొండపల్లిలో కర్ర ఏనుగూ, ఎద్దుబండీ, గీతకార్మికుడూ భంగిమ పట్టి సిద్ధంగా నిలబడి ఉన్నారు. ఈల ఊదేవాడు లేడు.

టోపీ మారింది

ఆఖరి ఘట్టం కావాలనే దాచి ఉంచాను. బుల్‌డాగ్ పారిపోయింది. దెబ్బలు తిన్న బ్లాకీ మెచ్చుకోలుగా తన గుండ్రటి టోపీ తీసి కూనకు ఇస్తాడు. మన సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడాలి. 'ఈగ' చూడండి, బక్కప్రాణి బలవంతుణ్ణి చంపింది, తాను కూడా ఆహుతైంది, చేతికి అంటిన పగ దానితోనే కడుక్కుపోయింది. మనం హాయిగా బయటికొచ్చాం. ఫ్యాక్షన్ సినిమాల్లోనూ అంతే. కత్తి పట్టిన హీరో చివరికి కత్తి పారేస్తాడు, లేదా జనం చేత పారవేయిస్తారు.

ఏవరీ అలా చేయలేదు. కూన టోపీ పెట్టుకుంటుంది. ఇంతసేపూ దానికోసం మనం జాలిపడ్డాం, ఈల ఊదిన ప్రతిసారీ చప్పట్లు కొట్టాం. నాలుక బోనులో ఇరుక్కున్నప్పుడు అయ్యో అన్నాం. ఆ అమాయకపు మొహం మెల్లగా మనవైపు తిరుగుతుంది. కళ్ళు సన్నబడతాయి. చిన్నిచిన్ని భుజాలు అదురుతాయి. ఆ పెద్ద టోపీ కిందనుంచి వినిపిస్తుంది - ఖిస్... ఖిస్... ఖిస్!